కనిపించని అకారం: బౌద్ధంలో అక్షరరూపమూ మర్మార్థమూ

తెలుగునాట పిల్లవానికి అక్షరాభ్యాసం చేసే వేళ పలకమీద తరతరాలుగా దిద్దిస్తూ వచ్చిన వాక్యం 'ఓం నమః శివాయ సిద్ధం నమః'. 'ఓనమాలు' అన్న మాట దీని నుండే పుట్టింది. శివునికి చేసే నమస్కారం సంగతి అందరికీ తెలిసినదే. ఆ వెనువెంటనే వచ్చే 'సిద్ధం' అన్న మాట దేనిని ఉద్దేశించినదని ఆలోచించేవారు మాత్రం అరుదు.

ఈ మాటకు పాత సాక్ష్యం ఒకటి చీనా యాత్రికుడు ఇత్సింగ్ రచనలో దొరుకుతుంది. 671లో స్వదేశం విడిచి, 695లో తిరిగి వెళ్ళిన ఈ భిక్షువు భారతదేశపు చదువుల పద్ధతిని వివరిస్తూ, బాలురు ఆరవ ఏట మొదటగా 'సిద్ధం' నేర్చుకుంటారని వ్రాశాడు. అతని లెక్కలో మూలాక్షరాలు 49. వాటిని ఒకదానితో ఒకటి కూర్చి 18 ప్రకరణాలుగా అమర్చితే పదివేలకు పైగా అక్షరరూపాలు ఏర్పడతాయి. ఆరు నెలలలో ఆ పాఠం పూర్తి అవుతుంది. గుణింతాలు, ఒత్తులు నేర్చిన మనకు ఈ పాఠం కొత్తది కాదు. పని నెరవేరుగాక అనే మంగళవచనంతో మొదలయ్యేది కనుక ఆ పాఠానికే సిద్ధమని పేరు వచ్చింది. చీనా, జపాన్ దేశాలకు చేరాక అదే మాట ఒక లిపికి పేరైంది. ఆ లిపిలోని ఒక్క అక్షరాన్ని ఎదుట పెట్టుకొని ధ్యానించే సంప్రదాయం జపానులో నేటికీ సజీవంగా ఉన్నది.

పలకమీది పాఠం ధ్యానవస్తువుగా ఎట్లా మారింది? అక్షరాల ఆకారాలలోనే ఏదో శక్తి నిక్షిప్తమై ఉన్నదన్న విశ్వాసం మనలో చాలామందికి ఉన్నది. చరిత్ర చూపేది వేరొక కథ. బౌద్ధుల అక్షరధ్యానం మొదట ఆకారాన్ని ఆశ్రయించి పుట్టలేదు. భారతీయ లిపుల నిర్మాణంలోని ఒక విశేషం దానికి చోటిచ్చింది. ఆ లిపి నిత్యవ్యవహారం నుండి తప్పుకొన్న దేశాలలోనే దాని ఆకారం పూజ్యమైంది. ఈ పరిణామక్రమాన్ని పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

భట్టిప్రోలు లేఖకుడు పెట్టిన గుర్తు

బ్రాహ్మీ లిపిలో 'క' అని వ్రాయడానికి ఒక నిలువుగీత, ఒక అడ్డగీత చాలు. అందులో హల్లు ఉన్నది, దాని వెంట అకారమూ ఉన్నది. కాని అకారానికి వేరే గుర్తు లేదు. ఇకారం కావాలంటే గుర్తు పెట్టాలి, ఉకారం కావాలంటే గుర్తు పెట్టాలి. అకారానికి మాత్రం ఏమీ పెట్టనక్కరలేదు. కంటికి కనబడకుండానే అది ప్రతి హల్లులోనూ ఉంటుంది.

ఈ పద్ధతి అందరికీ సుకరంగా తోచలేదనడానికి సాక్ష్యం ఆంధ్రదేశంలోనే ఉన్నది. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపాన్ని త్రవ్వించినప్పుడు లేఖనాలతో కూడిన ధాతుకరండాలు బయల్పడ్డాయి. కుబిరకుడనే రాజు పేరు పేర్కొన్న ఆ ప్రాకృత లేఖనాలను పరిష్కరించిన బ్యూలర్ పండితుడు, వాటి లిపి అశోకుని బ్రాహ్మికి కొంత భిన్నమైనదని గుర్తించాడు. ఘ, జ, మ, ల, స వంటి అక్షరాల రూపాలు వేరుగా ఉన్నాయి. అంతకంటె ముఖ్యమైన భేదం మరొకటి. అశోకుని శాసనాలలో దీర్ఘానికి వాడే అడ్డగీత ఇక్కడ హ్రస్వమైన అకారానికే గుర్తు. దీర్ఘం కావాలంటే ఆ గీతను కిందికి వంచుతారు. అంటే, మిగిలిన బ్రాహ్మిలో అంతర్హితంగా ఉండే అకారాన్ని భట్టిప్రోలు లేఖకుడు కంటికి కనబడేటట్టు చేశాడు.

ఆ ఏర్పాటు నిలవలేదు. తరువాతి శతాబ్దాలలో అమరావతిలోనూ నాగార్జునకొండలోనూ శాసనాలు చెక్కినవారు అకారాన్ని హల్లులోనే దాచే సాధారణ బ్రాహ్మీ పద్ధతిని అనుసరించారు. అయినా భట్టిప్రోలు కరండాలు మనకొక సంగతి నేర్పుతున్నాయి. కనిపించని అకారం ప్రకృతిసిద్ధమైన సత్యం కాదు. అది లేఖకులు ఎంచుకొన్న ఒక ఏర్పాటు. దానిని మరొక విధంగానూ వ్రాయవచ్చు, వ్రాశారు కూడా. తరువాతి కాలపు ధ్యానులు ఈ ఏర్పాటులోనే పరమార్థానికి ప్రతిబింబాన్ని చూశారు.

గాంధారపు వర్ణక్రమం

అకారం సర్వవాక్కుకు మూలమన్న భావన బౌద్ధులకు ముందే ఉన్నది. ఐతరేయారణ్యకం అకారమే సమస్త వాక్కు అని చెప్పింది. భగవద్గీతలో కృష్ణుడు అక్షరాలలో అకారాన్ని తానేనన్నాడు. ఈ రెండు చోట్లా అకారం ఒక అస్తిత్వానికి సంకేతం. బౌద్ధులు అదే అక్షరాన్ని తీసుకొని దాని దిశను మార్చారు. సంస్కృత ప్రాకృతాలలో అకారం నిషేధార్థకం కూడా కదా. అనిత్యం, అనాత్మ, అనుత్పాదం అనే మాటలన్నీ దానితోనే మొదలవుతాయి. లలితవిస్తరంలో బాలుడైన సిద్ధార్థుడు పాఠశాలకు వెళ్ళిన ఘట్టం ఉన్నది. అక్కడ పిల్లలు అకారాన్ని ఉచ్చరించినప్పుడు సంస్కారాలన్నీ అనిత్యమన్న వాక్యం వెలువడుతుంది. ఆపైన ప్రతి అక్షరానికీ ఒక ధర్మవాక్యం తోడవుతుంది.

ప్రజ్ఞాపారమితా సూత్రాలలో ఈ పద్ధతి మరింత గంభీరమైంది. పంచవింశతిసాహస్రికలో అక్షరాలు మనకు తెలిసిన క్రమంలో రావు. అ, ర, ప, చ, న అని మొదలై 42 అక్షరాల వరుస సాగుతుంది. అకారం సమస్త ధర్మాలు ఆదిలోనే అనుత్పన్నాలని తెలుపుతుంది. రకారం అవి రజస్సు లేనివని, పకారం పరమార్థాన్ని, చకారం చ్యుతి దొరకదని, నకారం నామరాహిత్యాన్ని సూచిస్తాయి. ఆయా మాటల మొదటి అక్షరమే జ్ఞాపకానికి కొక్కెం. వల్లె వేయడానికి అనువైన సాధనం ఇది. ధారణి అన్న మాటకు నిలుపుకొనేదని అర్థం చెప్పడం ఇందుకు తగినట్టే ఉన్నది.

ఈ వింత క్రమం ఎక్కడిదన్న ప్రశ్న పండితులను చాలాకాలం వేధించింది. ఇది వాయవ్య దిక్కున గాంధారంలో వాడుకలో ఉన్న వర్ణమాల వరుసేనని 1990లో రిచర్డ్ సాలమన్ సాక్ష్యాధారాలతో నిరూపించాడు. అక్కడి లిపి ఖరోష్ఠి. ఖరోష్ఠిలో అచ్చులకు విడివిడి అక్షరాలు లేవు. అకారానికి ఒక రూపం ఉన్నది. దానికే గుర్తులు తగిలించి ఇ, ఉ, ఎ, ఒ వ్రాస్తారు. 42 అక్షరాలలో అచ్చు అకారం ఒక్కటే కావడానికి ఇదే కారణం. హల్లులన్నింటిలో దాగి ఉన్నదీ అకారమే, అచ్చులన్నింటికీ ఆధారమైనదీ అకారమే. గాంధార బాలుడు ఓనమాలలో నేర్చిన ఈ లిపిధర్మం మీదనే శూన్యతాబోధ నిలబడింది. సమస్త వస్తువులలోనూ ఉంటూ, తనకంటూ ఒక రూపం లేనిదానికి ఇంతకంటె మంచి ఉపమానం లేఖకులకు దొరకదు.

ఇక్కడ గమనించవలసినది, ఈ దశలో అక్షరపు ఆకారానికి ఏ ప్రాధాన్యమూ లేదు. ఖరోష్ఠి కుడి నుండి ఎడమకు నడిచే లిపి, బ్రాహ్మి ఎడమ నుండి కుడికి. రెండింటిలోని అకారాలకూ పోలిక లేదు. అయినా అరపచన ధారణి ఒక లిపి నుండి మరొక లిపికి ఏ ఆటంకమూ లేకుండా మారింది. ఉపదేశం ధ్వనిలోనూ అర్థంలోనూ ఉన్నది. గీతలలో లేదు.

సముద్రాలు దాటిన లిపి

క్రీ.శ. 6వ శతాబ్దం నుండి ఉత్తర భారతంలో బ్రాహ్మి నుండి పరిణమించిన సిద్ధమాతృక లిపి విస్తృతంగా వ్యాపించింది. మంత్రయాన గ్రంథాలు చీనాకు చేరినది ఈ లిపిలోనే. శుభాకరసింహుడు 716లో చాంగాన్ నగరం చేరి, చీనా భిక్షువు యీషింగ్ సాయంతో మహావైరోచన సూత్రాన్ని 724–725లో అనువదించాడు. దక్షిణాపథంతో, కంచి రాజాస్థానంతో సంబంధమున్న వజ్రబోధి, అతని శిష్యుడు అమోఘవజ్రుడు మరొక పరంపరను నెలకొల్పారు. మహావైరోచన సూత్రం అకారాన్ని సర్వమంత్రాలకు ద్వారమన్నది. యీషింగ్ వ్యాఖ్య దానికి లౌకికమైన కారణం చెప్పింది. నోరు తెరవగానే వచ్చే ధ్వని అకారమే, అది లేకుండా మాట లేదు, కనుక అది అన్ని ధ్వనులకూ తల్లి.

చీనా పాఠకునికి ఒక చిక్కు వచ్చింది. అతని లిపిలో ఒక్కొక్క గుర్తు ఒక్కొక్క మాట. అందులో హల్లు, అచ్చు అన్న విభజనే లేదు. హల్లులో దాగిన అకారమనే ఉపమానం చీనీ అక్షరాలలోకి అనువదిస్తే నిలవదు. పైగా మంత్రాన్ని చీనీ గుర్తులతో వ్రాస్తే ఉచ్చారణ చెడుతుంది. అందువల్ల మంత్రాలకు మూలలిపినే ఉంచుకోవలసి వచ్చింది. దానిని నేర్పే పుస్తకాలు వెలిశాయి. వానిలో ప్రసిద్ధమైనది జిగువాంగ్ వ్రాసిన సిద్ధాక్షర పుస్తకం. ఊతాయ్ పర్వతం మీద ప్రజ్ఞాబోధి అనే దక్షిణ భారతీయ భిక్షువు వద్ద తానీ విద్య నేర్చినట్లు అతడు చెప్పుకొన్నాడు. ఇత్సింగ్ పేర్కొన్న 18 ప్రకరణాల పద్ధతి ఇందులోనూ కనబడుతుంది.

804లో జపాను నుండి చీనాకు వచ్చిన కూకాయ్ (774–835) చాంగాన్‌లో హుయ్‌గువో వద్ద దీక్ష పొందాడు. కపిశ దేశీయుడైన ప్రజ్ఞుడనే భిక్షువు వద్ద సంస్కృతం అభ్యసించాడు. 806లో తిరిగివెళ్ళి తాను తెచ్చిన గ్రంథాల పట్టికను చక్రవర్తికి సమర్పించాడు. అందులోని 216 గ్రంథాలలో 42 సంస్కృత మంత్రస్తోత్రాలకు సంబంధించినవి. జిగువాంగ్ పుస్తకం కూడా అతనితోనే జపాను చేరింది. అక్కడ ఈ అక్షరాలకు 'బోంజి' అని పేరు. బ్రహ్మ అక్షరాలని దాని అర్థం. మన బ్రాహ్మి అన్న పేరుకు అది సోదరి వంటిది.

గీతలలో వెలసిన అర్థం

కూకాయ్ చేతిలో అక్షరధ్యానం కొత్త మలుపు తిరిగింది. హూం అనే బీజాక్షరం మీద అతడొక గ్రంథం వ్రాశాడు. అందులో ఆ ఒక్క సంయుక్తరూపాన్ని హ, అ, ఊ, మ అని నాలుగుగా విడదీశాడు. హకారం హేతువును, అకారం అనుత్పాదాన్ని, ఊకారం ఊనాన్ని, అనగా క్షయాన్ని, మకారం ఆత్మభావాన్ని సూచిస్తాయి. పరమార్థంలో హేతువు దొరకదు, క్షయం దొరకదు, ఆత్మ దొరకదు. తర్కం పాత ప్రజ్ఞాపారమితదే. పద్ధతి మాత్రం మారింది. పాత సూత్రాలు వర్ణమాల వరుసను చదివితే, కూకాయ్ వ్రాసిన అక్షరంలోని భాగాలను చదివాడు. హకారం ఎక్కడ, దాని కింద ఊకారపు గుర్తు ఎక్కడ, పైన బిందువు ఎక్కడ అని చూపితేగాని ఈ వ్యాఖ్య నడవదు. ఇక్కడ ఆకారమే గ్రంథమైంది.

ఆ తరువాత షింగోన్ సంప్రదాయంలో అకారధ్యానం స్థిరపడింది. పటం మీద వికసించిన పద్మం, తెల్లని చంద్రబింబం, అందులో సిద్ధాక్షరంలో ఒక్క అకారం. సాధకుడు దాని ఎదుట కూర్చొని శ్వాసను నిలుపుకొంటూ ఆ రూపాన్ని హృదయంలో ప్రతిష్ఠించుకొంటాడు. హల్లులలో దాగి కనబడనందుకే శూన్యతకు సంకేతమైన అక్షరం ఇక్కడ ధ్యానపటం నడుమ అందరికీ కనబడుతూ నిలిచింది.

మరొక రూపం సమాధులమీద కనబడుతుంది. పంచభూతాలకు అ, వ, ర, హ, ఖ అనే ఐదు బీజాక్షరాలను జతచేసి, కింది నుండి పైకి చతురస్రం, వృత్తం, త్రికోణం, అర్ధచంద్రం, మణి ఆకారాలలో రాళ్ళను పేర్చి స్తూపం నిలుపుతారు. ఈ ఐదు చక్రాల రహస్యాన్ని కకుబన్ (1095–1143) ఒక గ్రంథంలో వివరించాడు. పోయినవారి పేరిట సమాధుల వద్ద నిలిపే చెక్కపలకల మీద కూడా ఇవే అక్షరాలు వ్రాస్తారు. ఆ పలకను 'సోతోబా' అంటారు. అది స్తూపమన్న మన మాటే. భట్టిప్రోలులో స్తూపగర్భంలోని కరండం మీద దాత పేరు చెప్పడానికి వచ్చిన అక్షరం, అక్కడ స్తూపానికి శరీరమే అయింది.

మార్పు ఆగిన చోట పూజ

ఈ తేడాకు కారణమేమి? మన దేశంలో మంత్రశ్రద్ధ తక్కువని ఎవరూ అనలేరు. బీజాక్షరాల న్యాసాలు, యంత్రాలు ఇక్కడా ఉన్నవి. కాని సిద్ధమాతృక ఇక్కడ దానపత్రాలు, లెక్కలు, కావ్యాలు వ్రాసిన లిపి. వ్రాసే చెయ్యి లిపిని మారుస్తూ పోతుంది. సుమారు 1030లో అల్‌బీరూనీ కాశ్మీర, వారణాసి ప్రాంతాలలో సిద్ధమాతృక వాడుకలో ఉన్నదని పేర్కొన్నాడు. ఆ పేరు క్రమంగా మరుగుపడింది. ఆ లిపి సంతతి నాగరి, వంగ లిపులుగా రూపాంతరం చెంది నేటికీ నడుస్తున్నది. వాడుకలో ఉన్న లిపి మారుతుంది. మారుతుంది కనుకనే దాని ఏ ఒక్క రూపమూ తుదిరూపమని అనిపించుకోలేదు.

జపానులో ఎవరూ ఈ లిపిలో ఉత్తరం వ్రాయలేదు, పద్దు వ్రాయలేదు. మాట్లాడే భాషతో దానికి సంబంధం లేదు. శిష్యుడు గురువు గీతను గీత గీతగా అనుకరించడమే విద్య. కుంచె ఎట్లా పట్టాలి, ఏ గీత ముందు, ఏ బిందువు తరువాత అన్నవన్నీ శాస్త్రమయ్యాయి. అందువల్ల శతాబ్దాల నాటి ఉత్తర భారత లిపి అక్కడ దాదాపు నిశ్చలంగా నిలిచింది. హోర్యూజి ఆలయంలో భద్రపరచిన రెండు తాళపత్రాలు దీనికి మూలసాక్ష్యాల వంటివి. వాటిలో ప్రజ్ఞాపారమితా హృదయం, ఉష్ణీషవిజయ ధారణి ఉన్నవి. చివర వర్ణమాల కూడా వ్రాసి ఉన్నది. 1884లో మాక్స్ ముల్లర్, నాంజియో వీనిని ప్రకటించగా, బ్యూలర్ వాటి లిపిని చర్చించాడు. భట్టిప్రోలు కరండాల లిపిని కొద్ది ఏళ్ళ తరువాత పరిశీలించినది ఆ పండితుడే.

నిలిచిపోవడం వలన లాభమూ ఉన్నది. భారతదేశంలో చెల్లాచెదురైన మంత్రపాఠాలు అక్కడ మిగిలాయి. సిద్ధం చదువు వలననే జపాను పండితులు తమ భాషలోని ధ్వనులను అ, ఇ, ఉ, ఎ, ఒ అని, క, స, త, న అని వరుసపెట్టుకొన్నారు. నేటి జపాను నిఘంటువులు ఆ క్రమాన్నే అనుసరిస్తున్నాయి. అకారధ్యానం ఎరుగని జపాను బాలుడు కూడా ఈ విధంగా మన వర్ణక్రమానికి వారసుడే.

నష్టం కూడా ఉన్నది. దానిని బౌద్ధమే ముందుగా హెచ్చరించింది. అర్థాన్ని విడిచి అక్షరాన్ని పట్టుకొనేవానిని లంకావతార సూత్రం చూపిన వస్తువును వదలి వేలికొనను చూసే మూఢునితో పోల్చింది. అక్షరం అన్న మాటకే నశించనిదని అర్థం. నశించనిది ఏదీ లేదని బోధించే ధర్మం అక్షరాన్ని ఆధారం చేసుకోవడంలోనే ఒక వైరుధ్యం దాగి ఉన్నది. అకారం దేనికీ స్వభావం లేదని చెబుతుంది. ఆ అకారపు గీతకే స్వభావసిద్ధమైన మహిమ ఉన్నదని నమ్మితే, బోధ తలకిందులవుతుంది.

ఈ వైరుధ్యానికి ఆచరణలో సమాధానం చెప్పినవాడు జియున్ (1718–1804). ఈ షింగోన్ భిక్షువు సంస్కృతం తెలిసిన గురువు లేకుండా, ఆలయాలలో మిగిలిన సిద్ధాక్షర పత్రాలను, చీనీ అనువాదాలను ఎదురెదురుగా పెట్టుకొని ఆ భాషను తిరిగి నేర్చుకొన్నాడు. వేయి ప్రకరణాల సంస్కృతవిద్యా సంకలనాన్ని కూర్చాడు. పూజలో మౌనంగా నిలిచిన అక్షరాలను అతడు మళ్ళీ వాక్యాలుగా చదివాడు. అతడు ధ్యానాన్ని విడిచిపెట్టలేదు, గొప్ప లేఖన కళాకారుడు కూడా. ఆకారాన్ని ప్రేమించడానికి, ఆకారం వెనుక ఉన్న మాటను వెదకడానికి విరోధం లేదని అతని జీవితం నిరూపించింది.

మన తెలుగు 'క' మీద ఒక తలకట్టు ఉన్నది. దానిని అకారపు గుర్తుగా పిల్లలకు నేర్పుతాం. దీర్ఘమో, గుడియో వస్తే అది తొలగుతుంది. భట్టిప్రోలు గుర్తుకు ఇది సంతతి కాదు. బ్రాహ్మీ అక్షరాల తలమీద కలం నిలిపిన చోట ఏర్పడిన చిన్నగీత శతాబ్దాల వాడుకలో ఈ రూపం ధరించింది. గంటపు రాతలో పుట్టిన అలంకారానికి గుణింతపు పాఠం అర్థాన్ని కల్పించింది. అక్షరాల మర్మమంతా ఈ విధంగానే ఏర్పడినది. ముందు చేతి వాడుక, దాని వెంట అర్థం, ఆ తరువాత ధ్యానం. ఈ క్రమం తెలుసుకొన్నందువల్ల ధ్యానానికి గౌరవం తగ్గదు. 'సిద్ధం నమః' అని పలకమీద దిద్దే పిల్లవాని వ్రేలు, చంద్రబింబంలో అకారాన్ని చూసే సాధకుని చూపు ఒకే పాఠశాల నుండి బయలుదేరినవని మాత్రం తెలుస్తుంది.